పేకాటయందు నేర్పు

ఉగాది మరునాటిని మా కోలారు సీమయందు వర్షతొడకు అందురు. ముందునాడు వేపపూవును బెల్లమును తిని పంచాంగము విన్నవారే మరునాడు మాంసము వండుకొని, పొద్దు వాలకమునుపే మామిడితోపులలోను, చెరువుకట్ట మీదను పేకముక్కలు పరచుకొని కూర్చుందురు. ఏడాది పొడుగున పేక ముట్టనివాడు సయితము ఆనాడు ఒక్క ఆటయైన ఆడును. ఆ దినమున గెలిచినవానికి ఏడంతయు గెలుపే యని ఒక నమ్మకము కలదు. ఓడినవానికి ఏమగునో ఎవరును చెప్పరు. నరసాపురమున నా బాల్యమునుండి ఈ వేడుకను చూచుచున్నాను.

సంఘమువారు ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, పేకాటను గూర్చి వ్రాయుదునంటిని. కార్యదర్శిగారు క్షణకాలము నా ముఖము వంక చూచి, "అటులనే కానిండు" అనిరి. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసినవాడను. నాకు బాగుగ తెలిసినది జమాఖర్చు ఒక్కటే. అయినను ఈ విషయమున నేను తీర్పవలసిన బాకీ యొకటి కలదు. మా చెల్లెలి కుమారుడు మా ఊరి పారిశ్రామికవాడలో ఒక కర్మాగారమున పనిచేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట దీపావళికి ఇంటికి వచ్చి, చేతిలోని ఫోను చూపించి, "మామా, పోకరు ఆట వచ్చేసింది. ఇంక మేలుగా ఆడేదెట్ల?" అని అడిగెను. ఆనాడు కసరి ఊరకుంటిని. కసరుట సమాధానము కాదని తరువాత తోచినది.

జూదమున తొలిమెట్టు దాటుట ఎట్లను ప్రశ్న మా మేనల్లునికంటె ముందు నలమహారాజునకు కలిగినది. పుష్కరునితో ఆడి రాజ్యమును పోగొట్టుకొని, బాహుకుడను పేర అయోధ్యాధిపతియగు ఋతుపర్ణుని కడ రథము తోలుచున్న కాలమున అతనికి ఆ విద్య అబ్బినది. విదర్భకు పోవు త్రోవలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకుల లెక్కయు కాయల లెక్కయు నిలుచున్నపాటున చెప్పెను. నలుడు రథము నాపి, చెట్టు దిగగొట్టి, కాయలు లెక్కించి చూడగా రాజు మాట సరిపోయినది. అంతట తన అశ్వహృదయమును అతనికిచ్చి, అతని అక్షహృదయమును తాను పుచ్చుకొనెను. తాండ్రకాయలనే ఆ కాలమున పాచికలుగ వాడుచుండిరి గనుక కథలో ఆ చెట్టే వచ్చుట ఊరక కాదు. ఈ కథను నన్నయభట్టారకుడు ఆరణ్యపర్వమున తెనిగించెను. శ్రీనాథుని శృంగారనైషధము జూదము వరకు రాకమునుపే ముగియును గనుక, మన కావ్యప్రియులలో పలువురికి నలుడు హంసను పట్టినవాడే గాని లెక్క నేర్చినవాడు కాడు. ఈ కథ ధర్మరాజునకు చెప్పిన బృహదశ్వుడు అతనికిని అక్షహృదయము నుపదేశించెను. సభాపర్వమున సర్వమును ఒడ్డిన ఆ ధర్మరాజే విరటుని కొలువున కంకుడను పేర జూదపు నేర్పరియై కూర్చుండెను.

ఇందు గమనింపదగినది ఋతుపర్ణుడు నేర్పినదేమన్నది. చేతివాటము కాదు, మంత్రము కాదు, చూచినదానిని లెక్కపెట్టుట.

ఋగ్వేదము పదియవ మండలమున జూదరి మొరయొక్కటి కలదని మన పండితులెల్లరు ఎరుగుదురు. దానిని విడిచి కౌటిల్యుని కడకు వత్తును. ఆయన నాకు మిక్కిలి దగ్గరివాడు, లెక్కలవాడు. అర్థశాస్త్రమున జూదమునకు ద్యూతాధ్యక్షుడను అధికారిని నియమించి, జూదము ఒక్కచోటనే జరుగవలెనని శాసించెను. కపటపు పాచికలకు దండన విధించెను. గెలిచిన సొమ్ములో నూటికి 5 అధ్యక్షునికి చెల్లవలెను. పాచికలకును, తావునకును, నీటికిని అద్దె వేరు. ఈ నూటికి 5 అను మాటను చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. దీనితో మరల పని యున్నది.

పాచికనుండి పేకముక్కకు వచ్చునప్పటికి కాలము చాల గడచినది. బాబరు 1527లో సింధు దేశపు షా హసనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. అక్బరు ఆడిన ముక్కలను అబుల్ ఫజలు అయినీ అక్బరీలో వర్ణించెను. ఈ ముక్కలు గుండ్రనివి. మొగలు గంజీఫాలో 8 జాతులు, జాతికి 12 చొప్పున 96 ముక్కలు. హిందువులు దశావతారములను జాతులుగ చేసికొని 120 ముక్కల పేకను కల్పించుకొనిరి. పగలు ఆడునప్పుడు రాముని జాతికిని, రాత్రి ఆడునప్పుడు కృష్ణుని జాతికిని అగ్రస్థానము. తెలుగుదేశమున నిర్మలయందును, కర్నూలు సీమలోని నొస్సమునందును ఈ ముక్కలు వ్రాయు చిత్రకారులుండిరి. మా జిల్లా మైసూరు సంస్థానమున నుండెను గనుక ముమ్మడి కృష్ణరాజ ఒడెయరువారిని మరువరాదు. 1794లో జన్మించి 1868లో పరమపదించిన ఆ ప్రభువు పేకల కల్పనయందు ఎంతటి మక్కువ గలవారనగా, వారు కల్పించినవానిలో ఒకదానికి 18 జాతులు, 360 ముక్కలు. దానిని ఆడి ముగించిన పుణ్యాత్ము లెందరో!

గంజీఫా అలంకారమునకై పెట్టుకొను వస్తువని నేడు తలచుచున్నారు గాని అది తల నొచ్చు ఆట. తురుపు లేదు. ప్రతి జాతియందును రాజు, మంత్రి, వారి క్రింద అంకెల ముక్కలు. కొన్ని జాతులలో పది పెద్దది, కొన్నింట పది చిన్నది. ఒక జాతి రాజును మంత్రియు పడిపోయిన పిమ్మట నా చేతిలోని అంకె ముక్కయే పెద్దదా కాదా యని తెలియవలెనన్నచో అంతవరకు పడిన ముక్కలన్నియు జ్ఞాపకముండవలెను. బొమ్మలు చూచి ఆనందించువాడు ఓడును. పడినది గుర్తుంచుకొన్నవాడు గెలుచును.

నేడు మన చేతులలోనున్న నాలుగు జాతుల పేక ఓడలమీద వచ్చినది. ఇందుకు సాక్ష్యము మన నాలుకమీదనే యున్నది. డచ్చివారి భాషలో కళావరు జాతిని "క్లావర్" అనియు, ఆటీను జాతిని "హార్టెన్" అనియు, తురుపును "ట్రూఫ్" అనియు అందురు. పోర్చుగీసువారు కత్తి గుర్తు జాతిని "ఎస్పాదస్" అందురు; కన్నడమున పేకాటకే ఇస్పీటు అని పేరు. డచ్చివారు పదునేడవ శతాబ్దారంభముననే మచిలీపట్టణమున కొటారు పెట్టిరి. పిమ్మట గోదావరి సీమలోని పాలకొల్లునందు స్థిరపడిరి. ఆ పాలకొల్లు ప్రక్కనే మరియొక నరసాపురమున్నది. ఆ నరసాపురపు రేవు దగ్గర దిగిన మాటలు మా మెట్టసీమ నరసాపురమున వర్షతొడకునాడు వినబడుచుండుట నాకు చిన్ననాటినుండి వింతయే.

నా సంగతి చెప్పవలసి వచ్చినది. 1984లో, ఉద్యోగమున చేరిన కొత్తలో, వర్షతొడకు రాత్రి మూడుముక్కలాటలో కూర్చుంటిని. నాన్నగారి కంటి శస్త్రచికిత్సకని దాచిన 600 రూపాయలు తెల్లవారకమునుపే పోయినవి. శస్త్రచికిత్స ఎనిమిది నెలలు వెనుకబడినది. ఆ ఎనిమిది నెలలును ఆయన నా అడుగుల చప్పుడునుబట్టి నన్ను గుర్తించుచుండిరి. ఒక్కనాడును సొమ్ము మాట ఎత్తలేదు.

ఆ తరువాతనే నాకొక గురువు దొరికెను. కోలారు బంగారు గనులలో పనిచేసి విశ్రాంతి పొంది మా ఊర స్థిరపడిన వృద్ధుడు; అందరు తాత యనుచుండిరి. గనులను 1880లో జాన్ టేలరు కంపెనీవారు చేపట్టిరి; 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను; 1956లో గనులు ప్రభుత్వపరమయ్యెను; 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. తెలుగువారును అరవవారును కలసి బ్రతికిన ఆ కార్మికుల లైనులలో, ఒక పాళీవారు దిగుచుండ మరియొక పాళీవారు ఎక్కుచుండ, నడుమ మిగిలిన గంటలలో పదమూడు ముక్కల రమ్మీ ఆడుచుండిరని తాత చెప్పుచుండెను. భూమి లోపల మైళ్ల దిగువున పనిచేసి వచ్చినవానికి ఆకాశము క్రింద కూర్చుండుటయే సగము ఆట యని ఆయన మాట.

ఆయన నేర్పిన పద్ధతి చిత్రమైనది. మొదటి నెల నా చేతికి ముక్కలీయలేదు. ప్రక్కన కూర్చుండబెట్టి, ఆట సగములో ముక్కలు బోర్లించి, "ఇంతవరకు ఏమేమి పడినవి? ఎవరు ఏమి ఎత్తిరి?" అని అడుగుచుండెను. చెప్పలేకపోయిన నవ్వి ఊరకుండును. రెండవ నెలలో గాని నాకు పేక దక్కలేదు.

పిమ్మట లెక్కలు చెప్పెను. రెండు పేకలు కలిపి ఆడునప్పుడు ఒకే జాతి అయిదు, ఆరు చేతనున్నచో నాలుగుగాని ఏడుగాని కావలెను. అట్టివి పేకలో 4 ముక్కలున్నవి. అయిదు, ఏడు ఉన్నచో ఆరొక్కటే కావలెను. అట్టివి 2 మాత్రమే. జోకరు మాట వేరు. క్రొత్తగ ఆడువాడు ఈ రెంటిని ఒకటే యనుకొని పట్టుకొని కూర్చుండును. అదే విధమున ఏడు ముక్క మూడు విధముల వరుసలలో కుదురును. రాజు రెండు విధములనే కుదురును. కాని క్రొత్తవానికి రాజు బొమ్మ మీద భక్తి. జోకరు లేని వరుసను మావారు లైఫు అందురు. ఆ యొక్కటి లేనిదే చేతిలోని ముక్కలన్నియు లెక్కకు వచ్చును గనుక మొదట దానిని కుదుర్చుకొన్న తరువాతనే తక్కినవి. ఆటీను తొమ్మిది కావలెనన్నచో, అక్కరలేని కళావరు తొమ్మిదిని ముందుగ పారవేయుట ఒక ఎర. తొమ్మిదులు మనకు పనికిరావని ఎదుటివాడు తలచి ఆటీను తొమ్మిదిని విడుచును. అయితే జ్ఞాపకము గలవానికడ ఈ ఎర రెండవసారి చెల్లదు.

అన్నిటికంటె గొప్ప పాఠము ఆట మానుట. చేతి ముక్కలు చూడగనే మానుకొన్నచో 20 లెక్క. నడుమ మానుకొన్న 40. కడవరకు ఆడి ఏమియు కుదరకపోయిన 80. అనగా ఒక్క మొండితనము నాలుగు వివేకములతో సమానము. మా ఊర మానుకొన్నవానిని పిరికివాడని ఎగతాళి చేయుదురు. తాత మాత్రము పదింట నాలుగైదు ఆటలు మానుకొని, మజ్జిగ త్రాగుచు, తక్కినవారు ఏమి పారవేయుచున్నారో చూచుచుండెను. రాత్రి ముగియునప్పటికి లెక్కల కాగితమున ఆయన పేరే క్రింద నుండును. రమ్మీలో తక్కువ లెక్క వచ్చినవాడే గెలిచినవాడు గదా.

ఈ తాత చెప్పిన మాటనే మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1967లో చెప్పినదని నాకు చాలకాలము తెలియదు. సికింద్రాబాదులోని క్రెసెంటు రిక్రియేషను క్లబ్బుపై 1963 మే 4న పోలీసువారు దాడిచేసి, పందెమునకు రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. నిజాము కాలపు హైదరాబాదు జూద చట్టము క్రింద మేజిస్ట్రేటు శిక్ష విధించెను. సెషన్సు న్యాయమూర్తి ఆ శిక్ష నిలువదని సిఫారసు చేయగా, ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఢిల్లీకి అప్పీలు పోయినది. 1967 నవంబరు 22న హిదయతుల్లాగారు తీర్పు చెప్పిరి. మూడుముక్కలాటవలె రమ్మీ కేవలము అదృష్టముపై నడచునది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను. ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో తెలియుటకు నేర్పు కావలెను. ముక్కలు పంచుటలో అదృష్టమున్నదన్నచో బ్రిడ్జి ఆటలోను అంతే యున్నది. కాబట్టి రమ్మీ ప్రధానముగ నేర్పుటాటయే. ఇది తీర్పు సారాంశము. అప్పీలు కొట్టివేయబడినది.

ఆ తీర్పులో మరియొక వాక్యమున్నది. దానిని చాలమంది చదువరు. ఆడించు ఇంటివాడుగాని క్లబ్బుగాని ఆ పందెపుటాటనుండి లాభము తీయుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము నిలువవచ్చునని న్యాయమూర్తిగారు వేరుగ చెప్పిరి. నేర్పు ఆటగానిది. ఇంటివాడు తీయు పాలు సంగతి వేరు. ఈ రెంటిని కలిపివేయుటయే నలుబది యేబదియేండ్ల తరువాత వచ్చిన ఫోను ఆటల ఉపాయము. "నేర్పుటాట యని సర్వోన్నత న్యాయస్థానమే చెప్పినది" అని ప్రకటనలు వచ్చెను. సగము తీర్పు సత్యము. తక్కిన సగమును ప్రకటనలో వేయలేదు.

పోకరు సంగతియు ఇటువంటిదే. అది పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికాలో మిసిసిపీ నదీతీరమున పుట్టి పెరిగిన ఆట. నేడు ఎక్కువగ ఆడు విధమున ఒక్కొక్కనికి రెండు ముక్కలు మూసి ఇత్తురు. అయిదు ముక్కలు అందరికి కలిపి తెరచి పెట్టుదురు. లాస్ వేగాసులో 1970నుండి దీనికి ఏటేట పెద్దపోటీ జరుగుచున్నది. పోకరు నేర్పుటాటయే యని బెంగుళూరులోని ఉన్నత న్యాయస్థానము 2013లో ఒక విధమున చెప్పగా, గుజరాతు ఉన్నత న్యాయస్థానము 2017లో కాదనినది. నా మట్టుకు నేను మేనల్లునివద్ద ఆట నియమములు తెలిసికొని, కాగితముమీద లెక్క వేసి చూచితిని. రెండు ముక్కలును జోడుగ వచ్చుట 17 మార్లలో ఒక్కమారు మాత్రమే. అనగా ఇందును వచ్చిన ముక్కలలో పెక్కింటిని ఆడకుండ విడుచుటయే మొదటి మెట్టు దాటుట. తాత మజ్జిగ ఇక్కడను పనికివచ్చును.

రెండవ మెట్టు జమాఖర్చు. చేతిలోని రెండును బల్లమీద తెరచిన మూడింట రెండును ఒకే జాతివనుకొందము. అయిదవది వచ్చిన గెలుపు తప్పదనుకొందము. కనబడని ముక్కలు 47; మనకు పనికివచ్చునవి 9. నడుమ 300 రూపాయలున్నవి. ఎదుటివాడు 100 వేసెను. నిలువవలెనన్న మనమును 100 వేయవలెను. ఇట్టి సందర్భము 47 మార్లు వచ్చినదనుకొన్నచో, 9 మార్లు 400 చొప్పున జమ 3,600. తక్కిన 38 మార్లు 100 చొప్పున ఖర్చు 3,800. నికరము 200 నష్టము. నడుమ 350 ఉండినచో అదే ముక్కలతో జమ 4,050. నికరము 250 లాభము. ముక్కలు మారలేదు, ధైర్యము మారలేదు. నడుమనున్న 50 రూపాయలే విడువవలెనో నిలువవలెనో నిర్ణయించినవి. మా మేనల్లుడు ఈ లెక్క చూచి, "ఇది నాకెవరూ చెప్పలేదు మామా" అనెను. ఫోనువారు చెప్పుదురా?

ఇప్పుడు కౌటిల్యుని నూటికి 5 కడకు రావలెను. సమానమైన నేర్పు గల నలుగురు వేయి చొప్పున తెచ్చుకొని కూర్చుండిరనుకొందము. ఆట ఆటకు నడుమ 100 రూపాయలు చేరును. ఆడించువాడు అందు 5 తీసికొనును. ఒకనాడొకడు, ఒకనాడొకడు గెలుచుచుందురు. ఎవరికిని అనుమానము రాదు. 800 ఆటలు ముగియునప్పటికి నలుగురి 4,000 రూపాయలును ఆడించువాని పెట్టెలో నుండును. చెరువుకట్టమీద 800 ఆటలకు ఎన్ని వర్షతొడకులు కావలెనో! ఫోనులో ఆట నిమిషమునకొకటి. పదమూడు గంటల ఇరువది నిమిషములు చాలును. కట్టమీద తీసికొను ఇంటివాడు లేడు; ఓడిన సొమ్ము ఊరిలోనే తిరుగుచుండెను, మరుసటి ఏడు తిరిగి రావచ్చును. నేర్పుటాటా, అదృష్టపుటాటా యని పెద్దలు ఏండ్ల తరబడి వాదించిరి గాని, ఈ 5 ఎవరికి పోవుచున్నదని అడిగినవారు తక్కువ.

చట్టములు వెంటవెంట వచ్చినవి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను సొమ్ము పెట్టి ఆడు ఫోను ఆటలను నిషేధించినవి. కర్ణాటకము 2021లో నిషేధింపగా 2022 ఫిబ్రవరిలో ఉన్నత న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసినది. మా మేనల్లుడు ఆడుట మొదలుపెట్టినది ఆ పిమ్మటనే. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము నేర్పు, అదృష్టము అను భేదము పాటింపకనే సొమ్ము పెట్టి ఆడు ఫోను ఆటలన్నిటిని నిషేధించు చట్టము చేసినది.

అంతకు కొన్ని నెలల ముందే అతనిని కూర్చుండబెట్టి, గెలుచుచున్నావా ఓడుచున్నావా యని అడిగితిని. "ఎక్కువ గెలుస్తానే ఉండాను మామా" అనెను. అబద్ధము కాదు, అతడట్లే నమ్మియుండెను. నా పాత లెక్కల పుస్తకమొకటి ఇచ్చి, ఆరు నెలలలో బ్యాంకునుండి పోయినది ఒక ప్రక్కను, వచ్చినది ఒక ప్రక్కను వ్రాయుమంటిని. రెండు గంటలు పట్టెను. పోయినది 61,400. వచ్చినది 38,900. క్రింద గీత గీచి 22,500 అని అతడే వ్రాసెను. అందులో సగము వాళ్లమ్మ చీటీపాటకు కట్టుమని ఇచ్చిన సొమ్ము. చెల్లెలికి ఆ సంగతి అతడే చెప్పవలెనంటిని, చెప్పెను. ఆనాడు వారింట పొయ్యి వెలుగలేదు. ఆ చీటీ బాకీ నెలనెల జీతమునుండి ఇంకను తీరుచునే యున్నది.

ఇప్పుడతడు ఆదివారములు మా ఇంటికి వచ్చును. అరుగుమీద చింతపిక్కలు పందెముగ రమ్మీ ఆడుదుము. మొదట కొన్ని వారములు, తాత నాకు చేసినట్లే, అతనికి ముక్కలీయలేదు. గత ఆదివారము ఆట నడుమ ముక్కలు బోర్లించి, ఏమేమి పడినవని అడిగితిని. పదునాలుగింటిని వరుసగ చెప్పెను. పదునైదవది డైమను ఆరో ఎనిమిదో యని సందేహించెను. ఎనిమిదే యని నేను గట్టిగ చెప్పితిని. తిప్పి చూడగా ఆరు. ఆ ఆటలో నాకు 80 పడినది.